సిస్టరమ్మ అడిగిన ప్రశ్నలు

పోయిన మంగళవారం మా యారాలూ నేనూ చెన్నూరులో దవాఖానకు పోయాం, గర్భసంచి ముఖద్వారం పరీక్షకు. సిస్టరమ్మ ముందుగా ప్రశ్నలు మొదలుపెట్టింది. వయసెంత, కాన్పులెన్ని, గర్భసంచి ఉన్నదా తీసేసిన్రా, ఇంతకు ముందు ఈ పరీక్ష ఎప్పుడన్నా అయిందా? మా యారాలికి కోపమొచ్చింది. “పరీక్షకొస్తే ఇంటి ముచ్చట్లెందుకమ్మా?” అంది. నాకేమో ఆయన మేనత్త గుర్తొచ్చింది. ముట్లుడిగిన ఎనిమిదేండ్లకు మళ్ళీ బట్ట కనిపిస్తే ఎవ్వరికీ చెప్పలేదామె. శివరాత్రికి గోదావరి స్నానానికి కూడా ఆ నొప్పితోనే వచ్చింది. అరవై దాటకముందే పోయింది. ఆమెను ఒక్కరూ ఒక్క ప్రశ్నా అడగలేదు.

ఇంటికొచ్చాక ఈ పరీక్ష ఎక్కడిదా అని చదివాను. గ్రీసు నుంచి అమెరికా వెళ్ళిన పాపనికొలావ్ అనే డాక్టర్ కనిపెట్టింది పాప్ స్మియర్. ఆయన భార్య ఆండ్రోమాకి ఏళ్ళ తరబడి తన నమూనాలు తానే ఇచ్చిందట. (పేరు మాత్రం ఆయనదే నిలిచింది, చూశారా!) 1943లో ఆయన పుస్తకం వచ్చాక అమెరికాలో ఏటేటా అందరికీ ఈ పరీక్ష చేయడం అలవాటైంది.

అందరికీ, ఏటా ఎందుకన్న ప్రశ్న తర్వాత వచ్చింది. ఈ క్యాన్సర్‌కు కారణం హెచ్‌పీవీ అనే వైరస్ అని చూపినందుకు జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ త్సుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. ఆ వైరస్ చాలామంది ఆడవాళ్ళకు ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది, ఎక్కువమందికి ఒకటి రెండేళ్ళలో దానంతటదే పోతుంది. పోకుండా ఉండిపోయిన కొద్దిమందిలోనే, పది పదిహేనేళ్ళకో ఇంకా ఆలస్యంగానో క్యాన్సర్ అవుతుంది. అందుకే చిన్న వయసు పిల్లలకు ఏటా పరీక్ష చేస్తే మేలుకన్నా అనవసరపు వైద్యమే ఎక్కువ.

మనకు దగ్గరి లెక్క ఒకటుంది. ఒకప్పటి నిజాం రాజ్యంలోని ఉస్మానాబాద్ జిల్లాలో 1999లో మొదలుపెట్టి, 30 నుంచి 59 ఏళ్ళ ఆడవాళ్ళు 1,31,746 మందితో అధ్యయనం చేశారు. ఎనిమిదేళ్ళు గమనించాక, హెచ్‌పీవీ పరీక్ష ఒక్కసారి చేసిన గుంపులో ఈ క్యాన్సర్‌తో పోయినవాళ్ళు 34 మంది. పరీక్ష ఏర్పాటు చేయని గుంపులో, దాదాపు అంతేమందిలో, 64. జీవితంలో ఒక్క పరీక్షకే అంత తేడా!

ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది ఇది: మామూలు ఆడవాళ్ళకు 30 ఏళ్ళ నుంచి, ఐదు నుంచి పదేళ్ళకోసారి హెచ్‌పీవీ పరీక్ష. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకు 25 నుంచే, మూడు నుంచి ఐదేళ్ళకోసారి. మన దేశంలో 2016 మార్గదర్శకాల ప్రకారం వెనిగర్ లాంటి ద్రావణం పూసి చూసే పరీక్ష, 30 నుంచి 65 ఏళ్ళ దాకా ఐదేళ్ళకోసారి. అంటే సిస్టరమ్మ అడిగినవి ఇంటి ముచ్చట్లు కావు. ఎవరికి ఎప్పుడు చేయాలో తేల్చేది ఆ జవాబులే. ఎన్నడూ పరీక్ష చేయించుకోని మేనత్తలాంటి వాళ్ళకే భయం ఎక్కువ.

మా యారాలికి 32 ఏళ్ళకే గర్భసంచి తీసేశారు. “ఇగ నాకేం పరీక్ష?” అనుకుంది. తీసేటప్పుడు కొందరికి ముఖద్వారం ఉంచేస్తారట. అది పూర్తిగా తీసేసి, అంతకుముందు క్యాన్సర్‌కు దారితీసే మార్పులేవీ లేకపోతే ఇక పరీక్ష అక్కర్లేదు. ఉంటే మాత్రం చేయించుకోవాలి. “ఆపరేషన్ కాయితం తెండి” అంది సిస్టరమ్మ.

నాకు ఐదేళ్ళకు రమ్మన్నారు. ఆ రాత్రి ఇద్దరం కలిసి బీరువా అంతా కిందికి దించాం. రేషన్ కార్డు దొరికింది, పిల్లల టీకాల కార్డులు దొరికాయి. ఆపరేషన్ కాయితం ఇంకా దొరకలేదు. “లేకున్నా వచ్చే మంగళవారం పోదాం, వాళ్ళే చూసి చెప్తరు” అంటోంది యారాలు.