జమ్మిచెట్టు నుంచి ఇంటర్వెల్ దాకా

తెలుగు యాక్షన్ సినిమాలో బాగా ఆడిన కథలు చాలావరకు ఒకే కట్టులో నడుస్తాయి. ఊరు కాని ఊళ్లో ఒకడు తల వంచుకుని బతుకుతుంటాడు. ఆటో నడుపుతాడు, వంట చేస్తాడు, ఎవరైనా చెయ్యి చేసుకున్నా ఊరుకుంటాడు. నమ్ముకున్న ఇంటి ఆడపిల్ల మీదికి దుర్మార్గుడు వచ్చిన రోజున ఆ ఓర్పు తెగిపోతుంది. అతని అసలు పేరు బయటపడుతుంది, తెర మీద ‘విశ్రాంతి’ అని పడుతుంది. సెకండాఫ్‌లో ఫ్లాష్‌బ్యాక్, ఆ తర్వాత చివరి పోరు. పరిశ్రమలో ఈ మలుపును ఇంటర్వెల్ బ్యాంగ్ అంటారు. కథా చర్చల్లో నిర్మాత మొదట అడిగేది దాని గురించే.

ఈ కట్టు 1990లలో తమిళం నుంచి వచ్చిందని ఒక మాట ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ దాని వేరు ఇంకా లోతుగా, తెలుగువారికి బాగా తెలిసిన చోటే ఉంది. అది విరాటపర్వం.

పన్నెండేళ్ల అరణ్యవాసం ముగించుకున్న పాండవులు పదమూడో ఏడు ఎవరి కంటా పడకుండా గడపాలి. పడితే మళ్లీ పన్నెండేళ్లు అడవుల పాలు. ధర్మరాజు కంకుభట్టుగా, భీముడు వలలుడనే వంటవాడిగా, అర్జునుడు బృహన్నలగా, ద్రౌపది సైరంధ్రిగా విరాటరాజు కొలువులో చేరతారు. నకులసహదేవులు గుర్రాలశాలకూ పశువులమందకూ వెళతారు. ఆయుధాలను మూటగట్టి ఊరి బయట శ్మశానం దగ్గరున్న జమ్మిచెట్టు కొమ్మలకు కట్టి, ఎవరూ దగ్గరికి రాకుండా దాన్ని శవమని నమ్మిస్తారు. ప్రేక్షకుడికి అన్నీ తెలుసు, విరాటుడి కొలువుకు ఏమీ తెలియదు. కథలోని బిగువంతా ఈ తేడాలోంచే పుడుతుంది.

నిండుకొలువులో విరాటుడి బావమరిది కీచకుడు ద్రౌపదిని తన్నే ఘట్టాన్ని కాస్త దగ్గరగా చూడాలి. వలలుడు అక్కడే ఉన్నాడు. అతని చూపు ఎదురుగా ఉన్న చెట్టు మీద పడింది. దాన్ని పెకలించి కీచకుణ్ణి అక్కడికక్కడే మట్టుపెట్టాలని ఉంది. అది గ్రహించిన కంకుభట్టు, కట్టెలు కావాలంటే బయటికి వెళ్లి తెచ్చుకోమని వంటవాడికి చెప్పినట్టుగా చెబుతాడు. సభకు అది మామూలు మాట, తమ్ముడికి అది ఆజ్ఞ. భీముడు ఆగిపోతాడు. బలం లేక ఆగలేదు, ఆగకపోతే అయిదుగురి భవిష్యత్తూ పోతుంది కాబట్టి ఆగాడు. మరునాటి రాత్రి నర్తనశాలలో చీకట్లో కీచకుడు చస్తాడు, ఊరంతా గంధర్వులు చంపారనుకుంటుంది. భయపడిన రాణి సుధేష్ణ సైరంధ్రిని వెళ్లిపొమ్మంటే ఆమె ఇంకో పదమూడు రోజులు గడువు అడుగుతుంది. ఒక్కో రోజు లెక్కపెట్టుకునే ఈ గడువును ఇప్పటి రచయితలు ‘టికింగ్ క్లాక్’ అంటున్నారు.

రెండో శిఖరం ఉత్తర గోగ్రహణం. కౌరవసేన ఆలమందలను తోలుకుపోతుంటే, అంతఃపురంలో కోతలు కోసిన విరాటుడి కొడుకు ఉత్తరుడు ఆ సేనను కళ్లారా చూసి రథం దిగి పరుగెత్తుతాడు. సారథిగా వచ్చిన బృహన్నల వెంటపడి పట్టుకుని, అతణ్ణే సారథిని చేసి జమ్మిచెట్టు దగ్గరికి తీసుకెళతాడు. ఆయుధాలు దించమంటాడు. ఒక్కో విల్లూ ఎవరిదో చెబుతుంటే ఉత్తరుడికి అనుమానం వస్తుంది. అర్జునుడివైతే నీ పది పేర్లూ చెప్పమంటాడు. అతను చెబుతాడు, పేరుపేరుకూ కారణంతో సహా. దెబ్బలాట ఇంకా మొదలు కాలేదు. అయినా వినేవారి ఒళ్లు గగుర్పొడిచేది ఇక్కడే. ఇప్పుడు ‘ఎలివేషన్’ అని పిలుస్తున్నది సరిగ్గా ఇదే: వీరుడి గొప్ప అతని దెబ్బలో కన్నా ముందు ఎదుటివాడి కళ్లలో కనబడాలి. పక్కన భయస్తుడైన హాస్యపాత్ర ఉంటే ఆ గొప్ప రెండింతలవుతుంది. ఇంటర్వెల్ ఫైటులో కమెడియన్ నోరు తెరుచుకుని చూసే షాటుకు ఉత్తరుడే మూలపురుషుడు.

గుర్తింపు దగ్గర కథ మలుపు తిరగాలన్న సూత్రం తెలుగువారికే సొంతమేమీ కాదు. బిచ్చగాడి వేషంలో ఇల్లు చేరి, తన విల్లును తానే ఎక్కుపెట్టి బయటపడే గ్రీకు వీరుడు ఒడిస్సియస్ కథ ఇలాంటిదే. అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో గుర్తింపునూ తలకిందులయ్యే పరిస్థితినీ కథావస్తువుకు ఆయువుపట్లుగా చెప్పాడు. భరతుడి నాట్యశాస్త్రం కథను ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం అని అయిదు సంధులుగా విడగొట్టింది. నడుమనున్న గర్భసంధిలో ఫలం చిక్కినట్టే చిక్కి చేజారుతుంది. హాలీవుడ్ ఈ విద్యను చాలా ఆలస్యంగా పాఠంగా మార్చుకుంది. జోసెఫ్ క్యాంప్‌బెల్ 1949లో పురాణవీరుల ప్రయాణాల్లోని పోలికల మీద రాసిన పుస్తకం జార్జ్ లూకాస్ 1977 నాటి ‘స్టార్ వార్స్’కు దారి చూపింది. మూడంకాల స్క్రీన్‌ప్లేను సూత్రీకరించిన సిడ్ ఫీల్డ్ పుస్తకం 1979లో వచ్చింది.

తెలుగు నేలపై విరాటపర్వానికి ప్రత్యేకమైన చోటు ఉంది. నన్నయ ఆపిన అరణ్యపర్వ శేషాన్ని వదిలి, 13వ శతాబ్దంలో తిక్కన తన భారతాన్ని విరాటపర్వంతోనే మొదలుపెట్టాడు. వానలు పడకపోతే ఊళ్లలో విరాటపర్వం చదివించే ఆచారం తరాలుగా ఉంది. దసరానాడు జమ్మిచెట్టు దగ్గరికి వెళ్లడం సరే సరి. నాటకరంగానికి వస్తే, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో సురభి వారు ఆడిన మొదటి నాటకం ‘కీచకవధ’. దక్షిణాదిలో తీసిన తొలి మూకీ కథాచిత్రం కూడా అదే పేరుతో వచ్చింది. దాన్ని మద్రాసులో నటరాజ మొదలియార్ తీశాడు. కదిలే బొమ్మ చేతికొచ్చిన వెంటనే, సుదీర్ఘమైన భారతంలోంచి ఏరుకున్నది వంటవాడి వేషంలోని భీముణ్ణే కావడం యాదృచ్ఛికం అనిపించదు. ఆ పర్వానికి తెర మీద నిండైన రూపం 1963లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో వచ్చిన ‘నర్తనశాల’. అందులో బృహన్నల ఎన్.టి.రామారావు, సైరంధ్రి సావిత్రి, ఉత్తరుడు రేలంగి. కీచకుడి పాత్రకు ఎస్.వి.రంగారావు 1964లో జకార్తా ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడయ్యాడు.

అయితే పాత కథ ఒక్కటే ఇంటర్వెల్ బ్యాంగ్‌ను పుట్టించలేదు. దానికి థియేటర్ కూడా తోడైంది. 35 మిల్లీమీటర్ల ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. మూడు గంటల సినిమా అంటే పదహారు పదిహేడు రీళ్లు. ఒకే ప్రొజెక్టరున్న టూరింగ్ టాకీసుల్లో రీళ్లు మార్చినప్పుడల్లా ఆట ఆగేది. రెండో ప్రొజెక్టరు వచ్చాక ఆ అవసరం తీరింది గానీ, నడుమ ఒక విరామం మాత్రం మిగిలిపోయింది. టీ, సోడా, సమోసాల అమ్మకం దాని మీదే ఆధారపడింది కదా. విదేశాల్లో విరామం క్రమంగా పోయింది, ఇక్కడ స్థిరపడింది. సగం కథ దగ్గర జనం లేచి బయటికి వెళతారని తెలిసిన రచయిత, వాళ్లు మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపాలి. నిజానికి ఇదీ కొత్తది కాదు. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’లో మణిసిద్ధుడు కాశీకి నడుస్తూ మజిలీ మజిలీకీ గోపడికి ఒక కథ చెబుతాడు. ప్రయాణం ఆగే చోటును బట్టి కథను కొలిచే అలవాటు అప్పటికే ఉంది.

ఆ కథల ప్రేరణతో వచ్చిన ‘పాతాళభైరవి’ 1951లో మరో కట్టును చూపించింది. కె.వి.రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు రచన. తోటరాముడు ఎవరో దాచుకోనక్కర్లేదు. అతను తోటమాలి కొడుకే. రాకుమారిని పొందాలంటే సంపద కావాలి, సంపద కోసం మాంత్రికుడి వెంట వెళ్లాలి. బలి కావలసినవాడే మాంత్రికుణ్ణి బలి ఇచ్చి పాతాళభైరవి ప్రతిమను దక్కించుకుంటాడు. సగానికే కోరిక తీరిపోతుంది. అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది: మాంత్రికుడు మళ్లీ లేస్తాడు, ప్రతిమ చేజారుతుంది, రాకుమారి మాయమవుతుంది. భరతుడు చెప్పిన గర్భసంధికి ఇంతకన్నా తేటయిన ఉదాహరణ తెలుగు తెర మీద వెతికినా దొరకదు. తర్వాత విఠలాచార్య కత్తియుద్ధాల జానపదాలు ఈ సాహసయాత్ర కట్టునే తక్కువ ఖర్చులో, ఎక్కువ వేగంతో నడిపించాయి.

సాంఘిక యాక్షన్ చిత్రంలోకి అజ్ఞాతవాసం మెల్లగా వచ్చింది. 1983 నాటి ‘ఖైదీ’లో కోదండరామిరెడ్డి, పరుచూరి సోదరులు పోలీసుల నుంచి పారిపోయి దాక్కున్న సూర్యాన్ని ముందు చూపించి, అతను ఎందుకలా అయ్యాడో ఆ తర్వాత చెప్పారు. ముందు కోపం, వెనక కారణం అన్న ఈ వరస తర్వాతి ఫ్లాష్‌బ్యాక్ కథలకు బాట వేసింది. 1991లో హిందీ ‘హమ్’ వచ్చింది. దాన్నుంచి ప్రేరణ పొంది 1995లో సురేష్ కృష్ణ ‘బాషా’ తీశాడు. తమ్ముడు, చెల్లెళ్ల కోసం దెబ్బలు తిని ఊరుకునే ఆటో డ్రైవరు మాణిక్యం, ఒకప్పటి బొంబాయి డాన్. డబ్బింగ్‌లోనూ ఈ సినిమా తెలుగువారిని ఊపేసింది. ఎందుకు ఊపిందో ఊహించడం కష్టం కాదు. వాళ్లు వలలుణ్ణి గుర్తుపట్టారు.

1999 సంక్రాంతికి వచ్చిన ‘సమరసింహారెడ్డి’ ఆ కట్టును రాయలసీమకు తెచ్చింది. విజయేంద్రప్రసాద్ కథ, పరుచూరి సోదరుల మాటలు, బి.గోపాల్ దర్శకత్వం. అబ్బులు పేరుతో ఒక కుటుంబాన్ని కనిపెట్టుకుని ఉన్న మనిషి సీమను శాసించిన సమరసింహారెడ్డి అని తేలుతుంది. 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఇంద్ర’ అదే దారిలో నడిచాయి. కాశీలో టాక్సీ నడుపుకునే శంకర్‌నారాయణ ఇంద్రసేనారెడ్డి అవుతాడు. 2003లో ‘సింహాద్రి’ గతాన్ని కేరళకు పంపింది. ఈ వరస విజయాలు ఒక ప్రాంతానికి చేసిన కీడును దాచనక్కర్లేదు. కరువుతో, వలసలతో బతికే సీమ, తెర మీద బాంబులూ టాటా సుమోలూ తప్ప మరొకటి లేని నేలగా మిగిలిపోయింది.

మంచి అనుకరణకూ చెడ్డదానికీ తేడా ఒకే చోట తెలుస్తుంది. పాండవులు బయటపడితే పన్నెండేళ్లు పోతాయి. ముసుగు తీయడానికి వెల ఉంది. మాణిక్యం విషయంలో ఆ వెల, చనిపోతున్న తండ్రికి ఇచ్చిన మాట. సమరసింహారెడ్డికి, అమాయకుణ్ణి చంపిన పశ్చాత్తాపం. తర్వాత వచ్చిన పదుల కొద్దీ సినిమాల్లో పేలుడు మిగిలింది, వెల పోయింది. హీరో ఎందుకు దాక్కున్నాడన్న ప్రశ్నకు, ఇంటర్వెల్ కోసమే అన్నది తప్ప వేరే జవాబు లేని కథలు వరసగా బోల్తాపడ్డాయి.

2006లో ‘పోకిరి’ ఆ లెక్కను తెలివిగా మార్చింది. పూరి జగన్నాథ్ ముసుగును ఇంటర్వెల్ దగ్గర తీయలేదు, ప్రేక్షకుడికి కూడా ముందు చెప్పలేదు. డబ్బు కోసం ఏదైనా చేసే పండు, పోలీసు అధికారి కృష్ణమనోహర్ అని చివరలో గానీ తెలియదు. తెలిసేసరికి తండ్రి ప్రాణం పోతుంది. వెల పూర్తిగా చెల్లించాకే పేరు వినబడుతుంది. 2013లో కొరటాల శివ ‘మిర్చి’ మళ్లీ మొదటి పద్ధతికి వెళ్లి, శత్రువు ఇంట్లోనే చుట్టరికం కలుపుకున్నవాడి ముసుగును నడుమనే తీసింది.

అజ్ఞాతవాసం లేకుండా నెగ్గిన యాక్షన్ సినిమాలూ ఉన్నాయి. 1989లో రామ్‌గోపాల్ వర్మ ‘శివ’కు దాచిన గతం లేదు. సైకిల్ చెయిన్ తెంచిన క్షణం నుంచి కాలేజీ కుర్రాడు ఎదురుగానే మారుతూ పోతాడు. 2021లో సుకుమార్ ‘పుష్ప’ కూలీ ఎదుగుదలను మెట్టు మెట్టుగా చెప్పింది. ఇంటిపేరు దక్కలేదన్న బాధ అతనికి ఉంది, దాచుకున్న పేరు మాత్రం లేదు.

రాజమౌళి ‘బాహుబలి’లో తన పేరు తనకే తెలియనివాడు కథానాయకుడు. భల్లాలదేవుడి విగ్రహం లేపుతున్నప్పుడు బానిసలు అతని ముఖం చూసి పాతపేరు పలుకుతారు. పది పేర్లు వీరుడు చెప్పుకునే బదులు, ఒక పేరును జనం చెబుతారు. మొదటి భాగం 2015 జూలై 10న, కట్టప్ప చేసిన హత్య దగ్గర ఆగింది, రెండోది 2017 ఏప్రిల్ 28న వచ్చింది. ఒకే కథకు దాదాపు ఇరవై రెండు నెలల ఇంటర్వెల్ అన్నమాట.

2022లో ‘ఆర్ఆర్ఆర్’ విరాటపర్వానికి ఇంకా దగ్గరికొచ్చింది. 1920 నాటి ఢిల్లీయే విరాటనగరం. గోండు భీమ్ అక్తర్ అనే మెకానిక్‌గా ఉంటాడు. రామ్ బ్రిటిష్ పోలీసు దుస్తుల్లో తన పని దాచుకుంటాడు. పాము కాటు నుంచి స్నేహితుణ్ణి కాపాడుతూ భీమ్ తన అసలు పేరు చెబుతాడు. ఆ చెప్పడంతోనే స్నేహం తెగి, ఇంటర్వెల్‌లో ఇద్దరూ తలపడతారు, భీమ్ బందీ అవుతాడు. వెల ఉంది కాబట్టే ఆ ఘట్టం నిలబడింది. పాండవుల ఆయుధాలు జమ్మిచెట్టు మీద ఉన్నాయి. ఈ కథలో రామ్ చేతికి విల్లు దొరికేది అడవిలోని రాముడి విగ్రహం దగ్గర.