చేతికి రాకముందు, వచ్చాక

టెనసీ రాష్ట్రంలోని ఒక సర్క్యూట్ కోర్టు. ఆ రోజు జడ్జి ముందుకు వచ్చినవాడు దొంగ కాదు, హంతకుడు కాదు. వియత్నాం యుద్ధంలో పనిచేసిన మాజీ సైనికుడు. పూర్తిగా అంగవికలుడని అమెరికా ప్రభుత్వమే తేల్చిన మనిషి. ఆయన మీద ఉన్న అభియోగం కోర్టు ధిక్కారం.

భార్య విడాకులు తీసుకుంది. పిల్లల పోషణకు నెలకు 800 డాలర్లు ఇవ్వాలని కోర్టు చెప్పింది. ఆయన ఇవ్వలేదు. ఆవిడ మళ్లీ కోర్టు మెట్లెక్కింది. ఆయనకు ఉద్యోగమూ లేదు, వ్యాపారమూ లేదు. ఆదాయమంతా రెండు చోట్ల నుంచే వస్తుంది. ఒకటి మాజీ సైనికుల వ్యవహారాలు చూసే వెటరన్స్ అడ్మినిస్ట్రేషన్, అందరూ వీఏ అంటారు. రెండోది ప్రభుత్వ సామాజిక భద్రత పథకమైన సోషల్ సెక్యూరిటీ.

ఆ రోజు వాదన ఇలా సాగి ఉంటుంది. పాయింట్లు కేసులోవి, మాటలు మాత్రం నావి.

"మీ క్లయింటు ఎందుకు కట్టలేదు?"

"అది జీతం కాదు, యువరానర్. పోయిన ఒంటికి దేశం ఇస్తున్న పరిహారం. అందులోంచి పిల్లలకు వాటా పంచాలంటే పంచాల్సింది వీఏ అధికారి. ఈ కోర్టు కాదు."

"మరి పిల్లల ఖర్చు? అది కూడా వీఏ అధికారినే అడగమంటారా?" ఆవిడ తరఫు లాయరు అందుకున్నాడు.

జడ్జి ఆయన్ని జైలుకు పంపాడు. డబ్బు కట్టనంత కాలం ధిక్కారం కొనసాగుతూనే ఉంటుందన్నాడు. రాష్ట్ర అప్పీలు కోర్టు కూడా ఔనంది. అలా 'రోజ్ వర్సెస్ రోజ్' అమెరికా సుప్రీంకోర్టుకు చేరింది. 1987 మార్చిలో వాదనలు ముగిశాయి.

ఇక్కడిదాకా చదివినవాళ్ల జాలి సైనికుడి వైపే మొగ్గుతుంది. చట్టం కూడా పైకి అటే మాట్లాడుతోంది. మాజీ సైనికుల భత్యాలకు రక్షణ కల్పించిన సెక్షన్‌లో చిన్న అక్షరాల్లో ఒక ముక్క ఉంది. ఈ సొమ్మును అప్పులవాళ్లు అడగకూడదు, జప్తు చేయకూడదు, లబ్ధిదారు చేతికి రాకముందు గానీ వచ్చాక గానీ. 'వచ్చాక గానీ' అన్నది చూడండి. బ్యాంకులో వేసుకున్నా, పెట్టెలో దాచుకున్నా రక్షణ వెంట వస్తుందన్నమాట. సైనికుడి లాయర్లకు ఇంతకన్నా బలమైన ఆయుధం ఇంకేం కావాలి?

మన దగ్గర కూడా ఇలాంటి పాత చట్టం ఒకటి ఉంది. 1871 నాటి పెన్షన్ల చట్టం, 11వ సెక్షన్. అప్పులవాడి కోసం పెన్షన్‌ను జప్తు చేయకూడదంటుంది. అయితే కన్నబిడ్డ అప్పులవాడా? టెనసీ కేసులో ఒక ముఖ్యమైన ప్రశ్న ఇదే.

1987 మే 18న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. రాసింది జస్టిస్ థర్గుడ్ మార్షల్, ఆ కోర్టులో కూర్చున్న తొలి నల్లజాతి న్యాయమూర్తి. ఆయన సెక్షన్ మాటలను పట్టుకుని కూర్చోలేదు, అవి ఎందుకు పుట్టాయని అడిగాడు. సైనికుడి జీవనాధారం అప్పులవాళ్ల పాలు కాకూడదని, వీఏ బాకీలు వసూలు చేసే ఏజెన్సీగా మారకూడదని. ఈ రెండింటికీ పిల్లల పోషణ అడ్డు రాదన్నాడు. పైగా అదే చట్టం, భార్యాపిల్లలున్న సైనికుడికి వైకల్య శాతాన్ని బట్టి అదనంగా డబ్బిస్తోంది. కుటుంబం గురించి ఆలోచించని చట్టమైతే ఆ అదనం ఎందుకు పెడుతుంది? ఆ పరిహారం సైనికుడొక్కడిది కాదు, ఆయన మీద ఆధారపడ్డవాళ్లది కూడా. కాబట్టి పోషణ ఖర్చు లెక్కేసేటప్పుడు రాష్ట్ర కోర్టు దాన్ని చూడవచ్చు, కట్టకపోతే ధిక్కారం కింద శిక్షించవచ్చు.

తొమ్మిది మందిలో జస్టిస్ బైరన్ వైట్ ఒక్కడే ఒప్పుకోలేదు. పంచే అధికారాన్ని అమెరికా కాంగ్రెస్ వీఏ చేతికి ఇచ్చినప్పుడు రాష్ట్ర జడ్జి మధ్యలో చేయి పెట్టడమేమిటన్నది ఆయన అభ్యంతరం. కొట్టిపారేసే వాదన కాదది. ఎవరికైనా తోడుమనిషి లేనిదే రోజు గడవదనుకోండి, ఆ మనిషికిచ్చే డబ్బెంతో వీఏకు తెలిసినంతగా కౌంటీ జడ్జికి తెలియదు. అయినా నా ఓటు మార్షల్‌కే. పిల్లవాడి ఆకలి వాషింగ్టన్ ఫైలు కదిలేదాకా ఆగదు.

అయితే ఈ తీర్పుతో ఒక విచిత్రం మిగిలిపోయింది. వీఏ పరిహారాన్ని మామూలుగా ఆఫీసు నుంచే కోత కోసి పిల్లల తల్లికి పంపించడం కుదరదు. సైనిక పెన్షన్‌లో కొంత వదులుకుని దాని బదులు వైకల్య భత్యం తీసుకున్నవాళ్ల విషయంలో, ఆ వదులుకున్న మేరకే అది సాధ్యం. మిగిలినవాళ్ల చెక్కు పూర్తిగా వస్తుంది. అందులోంచి కట్టకపోతే మాత్రం జైలు. చెక్కును ముట్టుకోకూడదట, మనిషిని పట్టుకోవచ్చట! అందుకే కొందరు తల్లులు ఇంకో దారి పట్టేవారు. పిల్లల వాటా విడిగా పంచిపెట్టమని వీఏకే దరఖాస్తు పెట్టేవారు. వీఏ మాత్రం సైనికుడికి కష్టం కలుగుతుందా అని చూశాకే తేల్చేది.

భార్య ఆస్తిలో తన వాటా అడిగినప్పుడు లెక్క మారిపోతుంది. అరిజోనాలో ఒక మాజీ వైమానికుడి పెన్షన్‌లో సగం విడాకుల నాడే భార్యకు రాశారు. ఏళ్ల తర్వాత ఆయన 1,500 డాలర్ల పెన్షన్‌లో సుమారు 250 వదులుకుని, అంతే మొత్తాన్ని పన్ను లేని వైకల్య భత్యంగా తీసుకున్నాడు. ఆవిడ వాటా దాదాపు 125 తగ్గింది. ఆ నష్టం ఆయన పూడ్చాలని అరిజోనా కోర్టులు చెప్పాయి. 2017లో 'హావెల్' కేసుగా వచ్చిన ఈ వివాదంలో, కుదరదని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. ఆస్తి పంపకం వేరు, పోషణ వేరు. పిల్లల హక్కు 'రోజ్' కేసు చెప్పిన చోటే ఉంది.

ఇక సైనికుడి వైపు జాగ్రత్త ఒకటుంది. వీఏ ఆయన వైకల్య శాతాన్ని తగ్గించి చెక్కు చిన్నదైతే, కోర్టు ఆర్డరు దానంతటది చిన్నదవదు. పాత మొత్తమే నెలనెలా బాకీగా పేరుకుంటూ పోతుంది. 1986లో వచ్చిన బ్రాడ్లీ సవరణ ప్రకారం, గడువు దాటిన ప్రతి వాయిదా ఒక తీర్పుతో సమానం. ఆయన ఆస్పత్రిలోనే ఉన్నా సరే, తగ్గింపు అడిగి అవతలివాళ్లకు నోటీసు పంపిన తేదీకి ముందున్న బాకీని ఏ జడ్జీ మాఫీ చేయలేడు. అందుకని శాతం తగ్గించామని వీఏ ఉత్తరం అందిన వారంలోనే పిటిషన్ వేయాలి.