కోరింగ మడ అడవి నిర్వహణ ప్రణాళిక: ఊళ్ల మాట చెల్లుతుందా? మీరు ఎక్కడ అడగొచ్చు?

కాకినాడ నుంచి యానాం రోడ్డెక్కితే అరగంటలో కోరింగ చేరుకోవచ్చు. ఆదివారం వెళ్లి, మడ చెట్ల మధ్య కట్టిన బాట మీద నడిచి, పడవెక్కి, నాలుగు ఫొటోలు దిగి వచ్చేవాళ్లే ఎక్కువ. ఆ అడవి అంచున బతికే మత్స్యకార పల్లెలకు మాత్రం అది జీవనాధారం. చేపలు, రొయ్యలు, పీతలు అక్కడే పుట్టి పెరుగుతాయి. తుపాను వస్తే మొదటి దెబ్బ కాచుకునేదీ ఆ చెట్లే.

మరి అక్కడ ఏ కాలువలో వల వేయొచ్చు, ఎక్కడ మొక్కలు నాటాలి, పర్యాటకుల డబ్బు ఎవరికి చేరాలి అన్నది ఎవరు నిర్ణయిస్తారు? అందులో ఊళ్ల పాత్ర ఎంత, మీ పాత్ర ఎంత? ఒక్కొక్కటిగా చూద్దాం.

కోరింగ ప్రత్యేకత ఏమిటి?

గౌతమీ గోదావరి సముద్రంలో కలిసేచోట విస్తరించిన కోరింగ అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. విస్తీర్ణం 235.7 చదరపు కిలోమీటర్లు. ఇప్పుడిది కాకినాడ, కోనసీమ జిల్లాల పరిధిలో ఉంది. నీటిపిల్లులకు, నీటికుక్కలకు, వలస పక్షులకు ఇది ఆవాసం. దగ్గర్లోని హోప్ ఐలాండ్ ఇసుక తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి.

ఇది ప్రకృతి వారసత్వమే కాదు, చరిత్ర కూడా. ఒకప్పుడు కోరింగ ఓడలు కట్టే పేరున్న రేవు. 1839 నవంబరులో వచ్చిన తుపాను, ఉప్పెన ఆ రేవును తుడిచిపెట్టాయి. ఆ ఒక్క సంగతి చాలు, ఇక్కడ మడ అడవి పచ్చగా ఉండటం ఎందుకు అవసరమో చెప్పడానికి.

నిర్వహణ ప్రణాళిక అంటే ఏమిటి?

ప్రతి అభయారణ్యానికీ అటవీ శాఖ ఒక ప్రణాళిక రాసుకుంటుంది. ఏ జీవులున్నాయి, వాటికి ముప్పు ఏమిటి, ఏ భాగాన్ని పూర్తిగా వదిలేయాలి, ఎక్కడ పర్యాటకం పెట్టాలి, చుట్టుపక్కల ఊళ్లకు ఏం చేయాలి, ఏ ఏడాది ఏ పని అన్నవి అందులో ఉంటాయి. సాధారణంగా పదేళ్ల కాలానికి రాస్తారు. రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఆమోదిస్తారు.

ఇది మీకెందుకు అంటే, ఈ కాగితంలో లేని పనికి నిధులు రావడం కష్టం. ఊరికి కావాల్సిన పని ఏదైనా ఉంటే, ప్రణాళిక రాసేటప్పుడే అందులోకి ఎక్కాలి.

చట్టం ఊళ్లకు ఎంత చోటిచ్చింది?

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో మూడు చోట్ల దారి ఉంది.

1. సెక్షన్ 33: 2022 సవరణ ప్రకారం, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గానీ, అటవీ హక్కుల చట్టం వర్తించే చోట గానీ అభయారణ్యం ఉంటే, సంబంధిత గ్రామసభలను సంప్రదించాకే ప్రణాళిక తయారు చేయాలి.

2. సెక్షన్ 33బి: ప్రతి అభయారణ్యానికి ఒక సలహా కమిటీ ఉండాలి. అందులో స్థానిక ఎమ్మెల్యే, పంచాయతీరాజ్ సంస్థల నుంచి ముగ్గురు, స్వచ్ఛంద సంస్థల నుంచి ఇద్దరు, వన్యప్రాణి సంరక్షణలో పనిచేసే ముగ్గురు వ్యక్తులు సభ్యులుగా ఉంటారు.

3. సెక్షన్ 26ఎ: సముద్ర జలాలను అభయారణ్యంలో కలిపేటప్పుడు స్థానిక మత్స్యకారుల వృత్తికి రక్షణ కల్పించాకే హద్దులు గీయాలి.

దీనికి తోడు జీవవైవిధ్య చట్టం 2002 ఉంది. ప్రతి పంచాయతీ, మున్సిపాలిటీ, కార్పొరేషన్ ఒక జీవవైవిధ్య నిర్వహణ కమిటీ వేసుకోవాలి. స్థానికులతో మాట్లాడి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. ఇదే చట్టం కింద స్థానిక సంస్థలను సంప్రదించి ఒక ప్రాంతాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా కూడా ప్రకటించవచ్చు. హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ చెరువుకు 2016లో ఆ గుర్తింపు వచ్చింది.

ఊరి ప్రణాళిక ఎలా తయారవుతుంది?

అభయారణ్యం పక్క ఊళ్లలో పర్యావరణ అభివృద్ధి కమిటీలు ఉంటాయి. వీటినే ఈడీసీలు అంటారు. అభయారణ్యం బయటి అడవుల్లో ఇదే పని వన సంరక్షణ సమితులు చేస్తాయి. పని సాగే వరస స్థూలంగా ఇదీ:

* మొదట ఊరి పటం గీస్తారు. ఏ కాలువ ఎవరు వాడుతున్నారు, వంటచెరకు ఎక్కడి నుంచి వస్తోంది, పశువులు ఎటు వెళ్తున్నాయి అన్నది ఊరివాళ్లే చెప్పి గుర్తుపెడతారు. మహిళలతో విడిగా కూర్చోవాలి. కట్టెల సంగతి, పీతల సంగతి వాళ్లకు తెలిసినంత మిగతావాళ్లకు తెలియదు.
* ఆ ఊరి బాధ్యతలోకి వచ్చే మడ ప్రాంతం హద్దులు తేలుస్తారు.
* సూక్ష్మ ప్రణాళిక రాస్తారు. ఒక వైపు అడవి పనులు, మరో వైపు ఊరి అవసరాలు. అడవిలో కట్టె కొట్టొద్దంటే పొయ్యిలోకి ఏం పెట్టాలో అందులో ఉండాలి.
* దాన్ని కమిటీ సర్వసభ్య సమావేశంలో చదివి ఆమోదించి, అటవీ శాఖతో ఒప్పందం చేసుకుంటారు.
* ఏటా లెక్క చూసుకుని పనులు సరిదిద్దుకుంటారు.

ఇది ఇక్కడ ఎప్పుడైనా జరిగిందా?

జరిగింది. 1990ల చివర ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ కలిసి గోదావరి, కృష్ణా మడ అడవుల్లో ఉమ్మడి నిర్వహణ మొదలుపెట్టాయి. మట్లపాలెం, గాడిమొగ వంటి ఊళ్లు అందులో ఉన్నాయి.

అసలు సమస్య ఇదీ: గతంలో చెట్లు నరికిన చోట నేల కుంగి పళ్లెంలా తయారైంది. పోటుకు వచ్చిన నీరు పాటుకు వెనక్కి పోక, ఎండకు ఆవిరై ఉప్పు పేరుకుంది. అక్కడ ఎన్ని మొక్కలు నాటినా బతకవు. దీనికి తమిళనాడులోని పిచ్చావరంలో వాడిన పద్ధతినే ఇక్కడా వాడారు. ఏటి నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా చేప ముల్లులా చిన్న కాలువలు తవ్వారు. నీరు రోజూ వచ్చి పోవడంతో ఉప్పు తగ్గింది. కాలువల ఒడ్డున నాటిన మడ మొక్కలు నిలదొక్కుకున్నాయి. పోటు ఎంతవరకు వస్తుందో తరతరాలుగా చూస్తున్నవాళ్లు పక్కన ఉంటే, కాలువ ఎటు తవ్వాలో తేల్చడం సులువు.

తర్వాత 2011లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం, గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ ఫెసిలిటీ తోడ్పాటుతో ఈగ్రీ ప్రాజెక్టు వచ్చింది. తీరంలోని పరిశ్రమలు, చేపల వేట, ఆక్వా సాగు, అడవి ఒకదాన్నొకటి దెబ్బతీయకుండా అందరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడం దాని ఉద్దేశం. ఈగ్రీ ఫౌండేషన్ ఏర్పడింది అందుకే.

ఊళ్లను పక్కనపెడితే ఏమవుతుంది?

కొల్లేరు వైపు చూడండి. 1999లో ఐదో కాంటూరు వరకు 308.55 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. సరస్సును ఆక్రమణల నుంచి కాపాడాల్సిన అవసరం నిజమే. కానీ అక్కడ పెద్దల చెరువులతో పాటు, ఒకప్పుడు ప్రభుత్వమే ప్రోత్సహించిన పేద మత్స్యకారుల సొసైటీ చెరువులు కూడా ఉన్నాయి. ప్రత్యామ్నాయం ఏమిటన్నది ముందే తేలకపోవడంతో హద్దుల గొడవ ఏళ్ల తరబడి సాగింది. మూడో కాంటూరుకు తగ్గించాలని శాసనసభ తీర్మానం చేసేదాకా వెళ్లింది. హద్దు గీయడం ఒక్కరోజు పని. దాన్ని ఊరు తనదిగా ఒప్పుకోవడం వేరు.

ప్రణాళిక మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

ఈ ఐదు ప్రశ్నలు వేయండి:

1. తెలుగులో ఉందా? ఊరివాళ్లు చదవలేని ప్రణాళిక ఊరిది కాదు.
2. ఆంక్ష పెట్టిన ప్రతి చోటా ప్రత్యామ్నాయం రాశారా?
3. పడవల టికెట్ల డబ్బులో కమిటీకి ఎంత, అది దేనికి ఖర్చు పెట్టాలో ఉందా?
4. ప్రాజెక్టు నిధులు ఆగిపోయాక కాలువల పూడిక ఎవరు తీస్తారు? చేపముల్లు కాలువలు ఏళ్లకేళ్లు వదిలేస్తే పూడిపోతాయి.
5. కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది? మహిళలు ఎంతమంది వచ్చారు?

మీరు ఏం చేయొచ్చు?

సొంతూరు అక్కడే అయి, ఓటు అక్కడే ఉంటే: గ్రామసభకు వెళ్లే హక్కు మీకుంది. ఏటా అక్టోబరు నుంచి పంచాయతీ అభివృద్ధి ప్రణాళికల కసరత్తు జరుగుతుంది. మడ పనులు అందులో చేర్చమని అప్పుడే అడగండి.

సమాచారం కావాలంటే: సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పంచాయతీ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. ప్రస్తుత నిర్వహణ ప్రణాళిక, సలహా కమిటీ సభ్యుల జాబితా, సమావేశాల మినిట్స్, ఈడీసీ జమాఖర్చులు అడగొచ్చు.

ఫిర్యాదు ఉంటే: మడ చెట్లు నరకడం, కాలువ పూడ్చడం కనిపిస్తే తేదీ, లొకేషన్‌తో ఫొటో తీసి అటవీ శాఖకు ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ, 1100 నంబరుకు ఫోన్ చేసి కూడా నమోదు చేయించొచ్చు. రసీదు నంబరు దాచుకోండి.

ముసాయిదా వస్తే: అభయారణ్యం చుట్టూ ఎకో సెన్సిటివ్ జోన్ ముసాయిదాలపై అభ్యంతరాలకు 60 రోజుల గడువు ఉంటుంది. తీర ప్రాంత నిర్వహణ పటాలపైనా ప్రజల అభిప్రాయం తీసుకోవాలి. మడ అడవులు తీర నియంత్రణ నిబంధనల్లో అత్యధిక రక్షణ ఉన్న విభాగంలో ఉన్నాయి. పటంలో వాటిని సరిగా చూపారో లేదో చూసి రాతపూర్వకంగా చెప్పండి.

నగరంలోనే ఉంటే: మీ కార్పొరేషన్‌లో జీవవైవిధ్య కమిటీ ఉందా, రిజిస్టర్ రాశారా అని అడగండి. కాకినాడ మురుగు చేరేది ఆ తీరానికే కాబట్టి, ఈ ప్రశ్న అడిగే హక్కు నగరవాసికీ ఉంది.