గోడ నుంచి వల దాకా: ఒంటరి బౌలర్ సాధన

తోడు లేకుండా బంతి విసరడం నేర్చుకునేవాడికి రెండు చిక్కులు. ఎక్కడ తగిలిందో చెప్పేవాడుండడు, తిరిగి అందించేవాడుండడు. ఈ రెండింటికీ మనుషులు వెతుక్కున్న దారులే ఈ సాధన చరిత్ర.

చింతలపూడి మెట్టలో జొన్నచేల కాపలాకు మంచె ఎక్కిన కుర్రాడికి రెండో చిక్కు లేదు. వడిసెలలో రాయి పెట్టి, ఒక కొస వేలికి తగిలించుకుని, గిరగిరా తిప్పి రెండో కొస వదిలేసేవాడు. రాళ్లకేం కరువు? గురి కుదిరిందో లేదో పిట్టలే చెప్పేవి. కొల్లేటిలో విసురు వల వేసేవాడికి ఆ సంగతి నీళ్లే చెబుతాయి.

బంతి ఆటల్లో మాత్రం యంత్రాలు ముందు బ్యాట్స్‌మన్‌కే దక్కాయి. 1830ల్లో ఇంగ్లండులో నికొలస్ ఫెలిక్స్ బంతి విసిరే 'కాటపల్టా' చేశాడు. 1897లో ప్రిన్స్‌టన్‌లో చార్లెస్ హింటన్ తుపాకిమందుతో బేస్‌బాల్ విసిరే యంత్రం కట్టాడు. విసిరే చేతిని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు, ఇది అన్యాయమే. చివరికి డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టును నడిపిన బ్రాంచ్ రికీ పట్టించుకున్నాడు. వీరో బీచ్‌లోని జట్టు శిబిరంలో గుంజలకు తాళ్లు కట్టించి, పిచర్ గురిపెట్టాల్సిన స్ట్రైక్ జోన్‌ను కంటికి కనబడేలా చేశాడు. బంతిని వెనక్కి తన్నే స్ప్రింగు వలలు కూడా వచ్చాయి.

మనవాళ్లకు గోడే దిక్కు. ఏలూరు సందుల్లో ప్రహరీ మీద బొగ్గుతో మూడు గీతలు గీస్తే అవే వికెట్లు. వానాకాలంలో టెన్నిస్ బంతి తగిలినచోటల్లా బురద ముద్ర పడుతుంది, ఓవరంతా గోడమీద చదువుకోవచ్చు. అహ్మదాబాద్‌లో ఫాస్ట్ బౌలర్ బుమ్రా చిన్నప్పుడు, చప్పుడుకి అమ్మ విసుక్కోకుండా, గోడా నేలా కలిసేచోట బంతి వేస్తూ యార్కర్ పట్టుకున్నాడు. టెన్నిస్ బంతితోనే ఎదిగిన హైదరాబాదీ సిరాజ్ 2023 ఆసియా కప్ ఫైనల్లో 21 పరుగులకు 6 వికెట్లు తీశాడు.

కానీ సందులో రనప్‌కు చోటుండదు. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచయుద్ధం నాటి రన్‌వే ఉంది. అక్కడ చోటుకు కొదవలేదు, గోడే లేదు. స్ప్రింగు వల తెచ్చినా అది బేస్‌బాల్‌లా నేరుగా వచ్చే బంతికి కుదిరినట్టు, నేల తాకి లేచే బంతికి కుదరదు. రికీ తాళ్లే నయం. రన్‌వే పక్క మట్టిలో రెండు వెదుళ్లు పాతి, వికెట్ల ఎత్తున, అంటే 28 అంగుళాల్లో, అడ్డంగా నైలాను తాడు బిగించాలి. దాని నుంచి రెండు తాళ్లను, ఒకదానికొకటి వికెట్ల వెడల్పయిన 9 అంగుళాల ఎడంలో, నిలువునా దించాలి. వెనక కొల్లేటి పాత చేపల వల వేలాడదీస్తే బంతి కోసం పొలాల్లోకి పరుగెత్తే పని తప్పుతుంది. యార్కర్ కావాలంటే తాళ్ల ముందు, బ్యాట్స్‌మన్ కాళ్లుండే చోట, ఒక పాత చెప్పు పెట్టుకోవాలి.