మాభూమి నాటకము – మన గృహములు

నాటకశాల మర్యాదగల కుటుంబములకు, అందును స్త్రీలకు, తగినది కాదని పూర్వము పెక్కుమంది తలంచిరి. ఆ తలంపు ఎంత నష్టకరమో నల్లగొండ చరిత్రమే చెప్పును. 1946 జూలై 4వ తేదీన అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో దేశముఖు మనుష్యుల తుపాకికి దొడ్డి కొమరయ్య బలియయ్యెను. మరుసటియేట సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగార్లు తెలంగాణ రైతుల పోరాటమునే ‘మాభూమి’ యను నాటకముగా రచించిరి. ప్రజానాట్యమండలి ప్రదర్శించెను, మద్రాసు ప్రభుత్వము నిషేధించెను.

వెట్టిని గూర్చి తన తల్లి నోట విన్న అవ్వకు అట్టి నాటకమున ప్రతి ఘట్టమును ఎఱిగినదే. మనుమనికి అంతయు క్రొత్తయే. బాలుడు నడుమ ప్రశ్నించును. అవ్వ యేండ్లుగా దాచిన మాట బయటపెట్టును. పాఠ్యపుస్తకమున రెండు పంక్తులుగా నున్న చరిత్రము ఇంటి చరిత్రమగుట అప్పుడే. కావున పిల్లలను పంపుట చాలదు. అవ్వనుగూడ తోడుకొని పోవలెనని మా మనవి.