మందుకో చలువపందిరి

ఫ్రిజ్ తలుపు తీసి చూస్తే ఆ ఇంటి సంగతులన్నీ తెలిసిపోతాయంటారు. నిన్నటి పప్పుపులుసు, కాగితంలో చుట్టిన కరివేపాకు, మూలగా దోసెలపిండి గిన్నె, నిమ్మకాయలు. ఈమధ్య చాలా ఇళ్ళల్లో వాటి సరసన ఇంకొకటి కూడా కనిపిస్తోంది. మూత గట్టిగా బిగించిన చిన్న డబ్బా. అందులో వేలెడంత సీసాలో, కలంలాంటి పరికరాలో వుంటాయి. "అది ముట్టుకోకురా, అమ్మమ్మ మందు!" అని పిల్లల్ని కేకలెయ్యడం మీరూ వినే వుంటారు.

ఆ మందు ఇన్సులిన్. షుగరు జబ్బువాళ్ళలో కొందరికి అది రోజూ కావాలి. చిన్నతనంలోనే జబ్బు వచ్చినవాళ్ళకైతే అదే ప్రాణం. దాని సుకుమారం అంతా ఇంతా కాదు. ఎండ తగిలితే చెడుతుంది. పోనీ అని గడ్డకట్టేంత చలిలో పెడితే ఇంకా చెడుతుంది. వాడకం మొదలుపెట్టని సీసాని 2 డిగ్రీలకి తగ్గకుండా, 8 డిగ్రీలకి మించకుండా వుంచాలి. పథ్యం మనకే కాదు, మందుకీ వుందన్నమాట!

నేను సూది పుచ్చుకోవడం మొదలుపెట్టి పదమూడేళ్ళయింది. ప్రయాణం అనగానే చీరల సంగతి కన్నా ముందు మందు సంగతి చూసుకోవడం అలవాటైపోయింది. అలా సర్దుకుంటూండగానే ఒక సందేహం పుట్టింది. ఇంత సుకుమారమైన మందుల్ని ఫ్రిజ్‌లూ, విమానాలూ లేని రోజుల్లో సముద్రాలెలా దాటించారు? ఆ పుస్తకం, ఈ పుస్తకం తిరగేస్తే బోలెడు కథలు దొరికాయి. చిత్రమేమిటంటే, వాటిలో చాలావాటికి ఆడవాళ్ళే నాయికలు.

ఇన్సులిన్‌కి పెద్దక్క మశూచి టీకా. 1796లో ఇంగ్లండులో జెన్నర్ కనిపెట్టాడు. ఆ టీకా రసాన్ని దారాలకి అద్ది, గాజు పలకల మధ్య ఎండబెట్టి పంపిస్తే వేడి దేశాలు చేరేలోపలే సత్తువ పోయేది. అందుకని మనుషుల్నే సీసాలు చేశారు. టీకా వేసిన చేతిమీద పొక్కు లేస్తే, అందులో రసం తీసి ఇంకొకరి చేతికి వేసేవారు. అలా చేయీ చేయీ మారుతూ బాగ్దాదు, బస్రా దాటి బొంబాయి చేరింది. 1802 జూన్ 14న మనదేశంలో మొట్టమొదటి టీకా వేయించుకున్నది ఆనా డస్ట్‌హాల్ అనే మూడేళ్ళ పసిపిల్ల. ఆ పిల్ల చేతినుంచి మరో అయిదుగురు పిల్లలకి, ఆ వరసలోనే మద్రాసుకీ, పూనాకీ, మన హైదరాబాదుకీ టీకా వచ్చింది.

మరుసటి ఏడు స్పెయిను రాజు అమెరికా ఖండంలోని తన రాజ్యాలకి టీకా పంపాలనుకున్నాడు. 1803 నవంబరు 30న బయలుదేరిన ఓడలో డాక్టరు బాల్మిస్‌తోపాటు 22 మంది అనాథ మగపిల్లలు ఎక్కారు. తొమ్మిది పదిరోజులకోసారి ఇద్దరేసి పిల్లలకి టీకా వేస్తూ, పొక్కు ఎండిపోకుండా ఒకరినుంచి ఇంకొకరికి అందించుకుంటూ పోవాలి. ఒక్క పిల్లాడు గోక్కుని పొక్కు చిదిపేసినా, వంతు రాకముందే పక్కవాడికి అంటుకున్నా మొత్తం ప్రయాణమే దండగ. అంతమంది మగపిల్లల్ని నడిసముద్రంలో కనిపెట్టుకుని వున్నది ఇసబెల్ సెందాల్ అనే అనాథాశ్రమం పెద్దమ్మ. పిల్లలకి తినిపించి, నిద్రపుచ్చి, గోక్కోకుండా కాపలా కాసింది. పాత కాగితాల్లో ఆవిడ ఇంటిపేరు ఒక్కోచోట ఒక్కోరకంగా రాసేశారు. డాక్టరుగారి పేరు మాత్రం ఎక్కడా తప్పు పోలేదు!

ఇక ఇన్సులిన్ సంగతికి వద్దాం. 1922కి ముందు షుగరు జబ్బు వచ్చిన పిల్లలకి వైద్యం ఒక్కటే, కడుపు మాడ్చడం. తిండి తగ్గిస్తే కొన్నాళ్ళు బతుకుతారు, అంతే. కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్, మెక్లౌడ్, కాలిప్ అనే నలుగురి కృషితో పశువుల క్లోమంనుంచి మందు తీశారు. 1922 జనవరి 11న పధ్నాలుగేళ్ళ లెనార్డ్ థాంప్సన్‌కి మొదటి సూది వేశారు. అది అంతగా పనిచెయ్యలేదు. కాలిప్ మందుని ఇంకా శుభ్రంచేసి ఇచ్చాక, జనవరి 23నుంచి వేసిన సూదులతో పిల్లాడు తేరుకున్నాడు.

ఆ ఆగస్టులో ఎలిజబెత్ హ్యూస్ అనే అమ్మాయిని టొరంటో తీసుకొచ్చారు. అమెరికా విదేశాంగమంత్రిగారి కూతురు. పదిహేనేళ్ళు నిండబోతున్న ఆ పిల్ల బరువు 45 పౌన్లు, అంటే ఇరవై కిలోలు. మన ఇళ్ళల్లో ఒకటో తరగతి చదివే పిల్ల బరువు! ఇన్సులిన్ పడగానే ఆ పిల్ల మళ్ళీ అన్నీ తినడం మొదలెట్టింది, ఒళ్ళు చేసింది. తర్వాత పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, 1981దాకా బతికింది. రోజుకి రెండు సూదులే అనుకున్నా 58 ఏళ్ళకి 42,000 దాటుతాయి.

ఎలిజబెత్ మందు దగ్గరికి వెళ్ళింది. మందునే తన దేశం తెచ్చుకున్న మనిషి ఇంకొకావిడ వుంది. డెన్మార్కుకి చెందిన మారీ క్రోగ్. ఆవిడ డాక్టరు, ఆవిడకే షుగరు జబ్బు. భర్త ఆగస్ట్ క్రోగ్‌కి 1920లో నోబెల్ బహుమతి వచ్చింది. 1922లో ఆయన ఉపన్యాసాలకోసం దంపతులిద్దరూ అమెరికా వెళ్ళారు. "ఇంతదూరం వచ్చాం, టొరంటో కూడా వెళ్ళి ఆ మందేమిటో చూడాల్సిందే" అని పట్టుపట్టింది మారీయేనట. వెళ్ళారు, చూశారు, తమ ప్రాంతంలో ఆ మందు తయారుచేసుకునేందుకు అనుమతి తీసుకుని డిసెంబరులో ఓడ దిగారు. నెల తిరక్కుండానే అక్కడ పశువుల క్లోమంనుంచి ఇన్సులిన్ తీశారు. ఓ ఇల్లాలి పట్టుదల ఒక దేశానికే మందు తెచ్చిపెట్టింది.

మందు వచ్చింది సరే, సూది మాటేమిటి? ఆ రోజుల్లో గాజు సిరంజి, లావుపాటి ఇనప సూది. వాడినప్పుడల్లా నీళ్ళలో మరగబెట్టాలి. సూది మొండిబారితే సానరాయి మీద నూరుకోవాలి, మనం కత్తిపీట నూరుకున్నట్టు! రైలు ప్రయాణంలో స్టవ్వూ, గిన్నే, స్పిరిటు సీసా, దూదీ మోసుకెళ్ళేవారు. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ సిరంజిని న్యూజీలండులో కాలిన్ మర్డాక్ 1956లో రూపొందించాడు. కలంలాంటి ఇన్సులిన్ పరికరం 1985లో వచ్చింది. ఇప్పుడు నా చేతిసంచీలో పౌడరు డబ్బా పక్కన ఇమిడిపోయేది అదే.

ఈ కథలన్నిటిలోకీ నన్ను కదిలించింది ఈవా సాక్సల్ కథ. హిట్లర్ బాధ పడలేక 1940లో చెకోస్లొవేకియానుంచి భర్త విక్టర్‌తో షాంఘై పారిపోయిన యూదు యువతి. అక్కడికి చేరాక ఆవిడకి షుగరు జబ్బు బయటపడింది. 1941 డిసెంబరులో జపాను సైన్యం నగరమంతా ఆక్రమించింది. మందుల షాపులు మూతపడ్డాయి. దొంగబజారులో ఇన్సులిన్ ధర బంగారమైపోయింది, అదైనా నమ్మకం లేదు. భార్యాభర్తలిద్దరూ డాక్టర్లు కారు. ఒక వైద్యగ్రంథం దగ్గర పెట్టుకుని, ఒక చైనా ఆయన వాడుకోనిచ్చిన ప్రయోగశాలలో, గేదెల క్లోమంనుంచి ఇన్సులిన్ తీయడం మొదలెట్టారు. గోధుమరంగు మందు వచ్చింది. ముందు కుందేళ్ళకి వేసి చూశారు. ఆ తర్వాత మనిషికి వెయ్యాలి. మొదటి సూది ఎవరికో తెలుసా? ఈవా తనకే వేయించుకుంది. పనిచేసింది! యుద్ధం ముగిసేదాకా అక్కడి షుగరు రోగులు వందలమంది ఆ గోధుమరంగు మందుతోనే బతికారు.

యుద్ధానంతరం అమెరికా, ఆ తర్వాత చిలీ చేరుకున్న ఈవా 2002దాకా జీవించింది. ఎక్కడికి వెళ్ళినా తనకీ జబ్బు వుందని చెప్పి, నలుగురిలో నిలబడి తన కథ వినిపించి, జబ్బువాళ్ళకి ధైర్యం చెప్పేది. ఎలిజబెత్ మాత్రం అలాకాదు. జీవితాంతం తన జబ్బు సంగతి స్నేహితులకైనా తెలియనివ్వలేదు. ఇద్దరి ప్రాణాలూ కాపాడింది ఒకే మందు. ఒకావిడ చాటింది, ఒకావిడ దాచింది.

ఈ రెండు రకాలవాళ్ళూ ఇప్పుడు విమానాశ్రయాల్లో కనిపిస్తారు. మనవాళ్ళు పిల్లల పురుళ్ళకనీ, మనవల పుట్టినరోజులకనీ అమెరికా వెళ్ళడం కొత్తకాదు కదా. మా వీధిలో పిన్నిగారని అందరం పిలుచుకునే ఆవిడ మొన్న ప్రయాణం కడుతూ ఇన్సులిన్ కలాలన్నీ పచ్చళ్ళతోపాటు పెద్దపెట్టెలో సర్దేశారు.

"అదేమిటి పిన్నిగారూ, మందు చేతిసంచీలో పెట్టుకోరూ?"

"నీకేం తల్లీ, ఎన్నైనా చెబుతావు. చెకింగులో నలుగురి ముందూ సూదులు బయటికి తీసి చూపించాలా? అల్లుడిగారి వైపువాళ్ళు కూడా అదే విమానంలో వస్తున్నారు. నామోషీ కదూ!"

ఆవిణ్ణి తప్పుపట్టడానికి నోరు రాలేదు. చెకింగుల భయం వూరికే పుట్టింది కాదు. విమానాల దొంగతనాలు ఎక్కువయ్యాక 1973 జనవరినుంచి అమెరికాలో ప్రతి ప్రయాణీకుణ్ణీ, ప్రతి సంచీనీ తనిఖీ చెయ్యడం మొదలెట్టారు. 2006 ఆగస్టు 10న లండనులో విమానాలు పేల్చే కుట్ర బయటపడ్డాక ద్రవపదార్థాలన్నీ అనుమానపు సరుకులైపోయాయి. ఆ రోజుల్లో చంటిపిల్లలకి పట్టుకెళ్ళే పాలసీసాలోని పాలు తల్లి అక్కడే రుచిచూసి చూపిస్తేగాని వెళ్ళనివ్వలేదు! అంత గడబిడలోనూ, చేత్తో తీసుకెళ్ళనిచ్చిన కాసిని వస్తువుల జాబితాలో షుగరు రోగుల మందుసామాను వుంది. ఆ తర్వాత వచ్చిన 100 మిల్లీలీటర్ల నిబంధన కూడా అవసరమైన మందులకి వర్తించదు. సూదులంటే ఎవరికీ సరదా లేదు. అవి లేకపోతే మనిషి బతకదని ప్రపంచమంతా ఒప్పుకుంది. ఇక మనకెందుకండీ నామోషీ?

ఇదే పిన్నిగారితో అన్నాను. పెద్దపెట్టె విమానం అడుగున ఎంత చలిలో వుంటుందో మన చేతిలో లేదు. గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్ చూడ్డానికి మామూలుగానే వుండొచ్చు, గుణం మాత్రం నమ్మడానికి లేదు. పైగా పెట్టె దారితప్పి ఇంకో వూరు పోతే? పచ్చళ్ళు లేకుండా నాలుగురోజులు గడపొచ్చు. అందుకని మందంతా చేతిసంచీలోనే వుండాలి. ఐసుముక్కకి నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి పెట్టాలి. షాపువాడి చీటీ అంటించిన డబ్బా పారెయ్యకూడదు. డాక్టరుగారి ఉత్తరం పైన పెట్టాలి. అడక్కముందే "నా దగ్గర ఇన్సులిన్, సూదులు వున్నాయి" అని చెప్పాలి. అమెరికా వెళ్తుంటే మన రోజు సాగిపోతుంది కనక ఏ వేళకి ఎంత వేసుకోవాలో బయలుదేరే ముందే డాక్టర్ని అడిగి రాయించుకోవాలి.

"ఐసు కరిగిపోతేనో?" అన్నారు పిన్నిగారు.

దానికీ మన దగ్గర పాతమందు వుంది. వేసవిలో కుండలో నీళ్ళు చల్లగా ఎందుకుంటాయి? చెమ్మ ఆవిరైపోతూ వేడిని తీసుకుపోతుంది కనక. కరెంటు లేని వూళ్ళల్లో ఇన్సులిన్‌ని తడిమట్టి కుండలో పెట్టుకునేవాళ్ళు ఎంతోమంది వున్నారు. నీళ్ళలో ముంచితే చాలు, గంటలకొద్దీ చల్లగా వుండే గుడ్డసంచీలు ఇప్పుడు దొరుకుతున్నాయి. అందులోనూ వున్నది ఆ కుండ రహస్యమే. ఇంకో మంచి కబురు. కెన్యాలోని ఒక శరణార్థి శిబిరంలో ఎండలెలా వుంటాయో చూసి, 25నుంచి 37 డిగ్రీల మధ్య మారే వేడిలో నాలుగు వారాలు వుంచినా ఇన్సులిన్ గుణం నిలుస్తోందని 2021లో ప్రచురించిన పరీక్షల్లో తేలింది. అలాగని ఎండలో పడెయ్యమని కాదు. డబ్బామీద రాసిన హద్దే మనకి హద్దు. దారిలో కాసేపు చల్లదనం తగ్గితే కంగారుపడి మందు మానెయ్యక్కర్లేదని మాత్రమే.

పిన్నిగారు మందు చేతిసంచీలోకి మార్చుకున్నారు. వియ్యాలవారి మాట అడిగితే, "చూస్తే చూస్తార్లే" అన్నారు.

దాచడమనే మాటకి మనకి రెండు అర్థాలు. భద్రం చెయ్యడం ఒకటి, కనపడకుండా చెయ్యడం ఒకటి. మందుని భద్రం చెయ్యాల్సిందే. కానీ షుగరున్న ఆడపిల్ల వున్న ఇళ్ళల్లో ఇప్పటికీ పెళ్ళిచూపుల వేళకి సూదుల డబ్బా బీరువాలోకి, ఆ డబ్బా సంగతి తల్లి గుండెల్లోకి వెళ్ళిపోతోంది. ఆ పిల్ల రేపు అత్తవారింట్లో ఏ ఫ్రిజ్‌లో పెట్టుకుంటుంది? ఎవరు చూడకుండా సూది వేసుకుంటుంది? చెప్పి ఒప్పించిన సంబంధం ఆలస్యమైనా సరే, ఆ పిల్ల తన డబ్బా తీసి అత్తగారి దోసెలపిండి గిన్నె పక్కన ధైర్యంగా పెట్టుకోగలగాలి. అంతకన్నా మంచి చలువపందిరి మనం వెయ్యగలిగింది ఏముంది చెప్పండి?