చిన్న కుట్టు యూనిట్లలో లోపాల నివారణ

జాబ్‌వర్క్ మీద నడిచే చిన్న కుట్టు యూనిట్లలో తయారయ్యే దుస్తులకు మచ్చలు, చిల్లులు, కుట్టు తప్పులు, షేడు తేడాలు, కొలతల తేడాలు రాకుండా చూసుకునే పద్ధతులివి. హోజరీకి పేరుపడ్డ తమిళనాడులోని తిరుప్పూర్‌లో ఒకే టీషర్టుకు అల్లిక, అద్దకం, కటింగ్, కుట్టు తరచూ వేర్వేరు యూనిట్లలో జరుగుతాయి. ఒకచోట వచ్చిన లోపం నాలుగు చేతులు మారాక గానీ బయటపడదు. అప్పుడు నష్టం సాధారణంగా ఆఖరున ఉన్నవాడి నెత్తిన పడుతుంది.

అసలు పని కత్తెర పడకముందే ఉంది. గుడ్డను ఎక్కువగా నాలుగు పాయింట్ల పద్ధతిలో తనిఖీ చేస్తారు: 3 అంగుళాల వరకు ఉన్న లోపానికి 1 పాయింటు, 6 వరకు 2, 9 వరకు 3, అంతకు మించితే 4. 100 చదరపు గజాలకు 40 పాయింట్లు దాటిన థానును సాధారణంగా తిప్పి పంపుతారు. దీనికి ఖరీదైన యంత్రమే అక్కర్లేదు. మంచి వెలుతురులో పెద్ద బల్ల ఉన్నా సరిపోతుంది. హోజరీ గుడ్డను రోలు విప్పి ఒక రోజు వదులుగా ఉంచాలి. లాగి చుట్టిన గుడ్డను వెంటనే కోస్తే, కోశాక ముడుచుకుని సైజు తగ్గుతుంది. కోసిన ముక్కలకు లేయర్ నంబరు స్టిక్కర్లు అంటిస్తారు. ముందుభాగం, వీపు, చేతులు ఒకే లేయర్‌వి కాకపోతే ఒకే చొక్కాలో రెండు షేడ్లు కనిపిస్తాయి.

కుట్టులో ఎక్కువ తంటా సూదితోనే. మొన అరిగిన సూది హోజరీ దారాన్ని తెంపుతుంది; చిల్లు ఒక్కోసారి మొదటి ఉతుకులో గానీ కనిపించదు. గుండ్రటి మొన ఉన్న బాల్‌పాయింట్ సూది దారాన్ని పక్కకు నెట్టి దిగుతుంది. సూది విరిగితే ముక్కలన్నీ దొరికాకే కొత్తది ఇవ్వాలన్నది ఎగుమతి యూనిట్లలో నియమం. పిల్లల బట్టల్లో దీనికి మినహాయింపు ఉండకూడదు.

పీసు రేటు కూలీ చేతి వేగానికే డబ్బిస్తుంది. తప్పుకు కూలి కోస్తే టైలరు పాడైన పీసును బండిల్ అడుగున దాచేస్తాడు. మిషన్ దగ్గరే గంట గంటకూ కొన్ని పీసులు చూసి, తప్పు దొరికితే అక్కడే సరిచేయడం మేలు.

ఆఖరి తనిఖీ లోపాన్ని పట్టిస్తుందే గానీ ఆపదు. ఐఎస్‌ఓ 2859-1 ప్రకారం, 2.5 ఏక్యూఎల్ (ఆమోదించదగ్గ నాణ్యతా పరిమితి), సాధారణ రెండో స్థాయి తనిఖీలో 1,200 పీసుల లాటు నుంచి 80 తీసి చూస్తారు. 5 వరకు లోపాలుంటే లాటు పాసవుతుంది, ఆరోది దొరికితే తిరస్కరిస్తారు.